నాలుగో తరం కాని నాలుగు ఎలుకలు

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఎలుకలు కరిచింది పదకొండు సార్లు. పదకొండు సార్లూ తప్పు నాదే. ఎలుకను ఎలా పట్టుకోవాలో తెలిసి కూడా తొందరపడ్డాను. ఆ గాట్లన్నీ వారం తిరక్కుండా మానిపోయాయి. మానడానికి చాలాకాలం పట్టింది ఒక్కటే. అది నా చేత్తో నేను ఒక కార్డు మీద వేసిన అంకె.

సిద్దిపేట శివార్లలోని ఒక చిన్న పరిశోధన కేంద్రంలో జంతువుల గదికి ఇన్‌చార్జిగా చేసి, ఈమధ్యనే రిటైరయ్యాను. ఎలుకలను తెప్పించడం, మేత పెట్టించడం, పంజరాలు కడిగించడం, ఏ ఎలుక ఎవరి కడుపున పుట్టిందో రాసిపెట్టడం నా పని. ఇప్పుడు అదే పనిలోకి వస్తున్న మీలాంటి పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నన్ను గొప్పవాణ్ణిగా చూపించే కథలు నా దగ్గర వేరే ఉన్నాయి. అవి పెళ్లిళ్లలో చెబుతుంటాను. ఇది అలాంటిది కాదు.

మాది కిరాణా దుకాణం. బాపు, ఇద్దరు చిన్నాయనలు, మేనమామ, అందరూ బజారులో వరసగా దుకాణాలు పెట్టుకున్నవాళ్లే. కిలో పప్పు తూచాక పైన ఇంకో గుప్పెడు వేస్తారు చూడండి, ఆ కొసరు మీదే మా ఇంటి చదువు నడిచింది. కొసరు లేకుండా సరుకు పట్టుకొస్తే బాపు గుమ్మంలోంచే వెనక్కి తోలేవాడు. "పోయి మళ్ల అడుగు. ఇయ్యకపోతే ఇయ్యకపాయె. నువ్వు అడుగుడు మరిచినవని వానికి తెల్వద్దు" అనేవాడు.

ఆ బుద్ధినే నేను ఉద్యోగంలోకి తెచ్చాను. మేత బస్తాలు తెచ్చేవాడు నాకు ఒక బస్తా ఎక్కువ దించనిదే గేటు దాటేవాడు కాదు. నీళ్ల సీసాలు వంద తెప్పిస్తే నూటపది వచ్చేవి. కేంద్రంలో అందరూ నన్ను వెనకాల బేరాల కాక అనేవాళ్లు, కొందరు ముందే అనేవాళ్లు. నాకు అది బిరుదులాగే ఉండేది.

ఇక అసలు సంగతికి వస్తాను.

మిరుదొడ్డి దగ్గరి ఒక పల్లె నుంచి ఒక అమ్మాయి పీహెచ్‌డీ చేయడానికి మా కేంద్రానికి వచ్చింది. తండ్రి గీత పని చేస్తాడు, తాటిచెట్లు ఎక్కి కల్లు దించుతాడు. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ అమ్మాయే. మొదటి రోజే నన్ను కాకా అని పిలిచింది. నేను బిడ్డా అన్నాను. ఆమె పరిశోధన ఎలుకలోని ఒక జన్యువు మీద. ఆర్‌టెల్-వన్ అంటారు. మన ఒంట్లో కూడా ఉంటుంది. దాని గురించి మా పెద్ద సారు, అంటే కేంద్రం డైరెక్టరు, నాకు రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ తల ఊపాను. అర్థమైంది మాత్రం ఈ అమ్మాయి చెప్పినప్పుడే.

ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ అడిగింది.

"కాకా, మగ్గం మీదికెళ్లి దించిన చీర సూసినవా?"

"మా చిన్నాయనది బట్టల దుకాణమే. చీరల సంగతి నాకు చెప్తవా?"

"అయితే చెప్పు. చీర కొసకు కుచ్చులు ఎందుకేస్తరు?"

"పోగులు ఊడకుండ."

"గంతే. మన కణంల డీఎన్ఏ అని పోగులుంటయి గద, వాటి చివర్లకు గూడ గసొంటి కుచ్చులే ఉంటయి. టెలోమియర్లు అంటరు. కణం ఒకటి రెండైనప్పుడల్లా అవి ఇంత అరుగుతయి. మరీ కురచ అయితే పోగు ఊడుడు మొదలైతది. కుచ్చు చిక్కు పడితే ఈ ఆర్‌టెల్ దాన్ని విప్పి సాపు చేస్తది. నడుమల చీర చినిగితే కుట్టెటోళ్లకు గూడ చెయ్యి సాయమిస్తది."

"రెండు పనులు ఒక్కనికేనా? మా కేంద్రంల నా తీరే ఉన్నది."

ఆమె నవ్వకుండా పెరుగన్నం కలుపుకుంది. నా హాస్యం అప్పటికే ఆమెకు అలవాటైపోయింది.

మిగిలింది నేను చెబుతాను. ప్రతి జన్యువు మనకు రెండు ప్రతులుగా వస్తుంది, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఈ జన్యువులో రెండూ చెడితే పిల్ల కడుపులోనే పోతుంది. ఒకటి మాత్రమే చెడగొట్టిన ఎలుకలు పుడతాయి, తిరుగుతాయి, తింటాయి, కరుస్తాయి కూడా. కానీ వాటి మరమ్మతు పని మందకొడిగా సాగుతుంది. కుచ్చుల సంగతి వేరు. మొదటి తరం ఎలుకకు అవి బాగానే ఉంటాయి, ఏ లోపమూ లేని తాతముత్తాతల నుంచి పొడుగ్గా వచ్చాయి గనుక. దాని పిల్లలకు కాస్త అరిగినవి దక్కుతాయి, వాటి పిల్లలకు ఇంకాస్త అరిగినవి. అవ్వ కట్టి విడిచిన చీర బిడ్డ కట్టి, బిడ్డ కట్టి విడిచింది మనవరాలు కట్టినట్టు. నాలుగో తరానికి వచ్చేసరికి కురచదనం కొలతకు అందుతుంది. అందుకే ఆమెకు నాలుగో తరం ఎలుకలే కావాలి. పన్నెండు.

అలాంటి ఎలుకలు ఎక్కడ పడితే అక్కడ దొరకవు. వేరే రాష్ట్రంలో ఒక పెంపక కేంద్రం ఉంది. అక్కడి మేనేజరు కోస్తా నుంచి వెళ్లి స్థిరపడిన మనిషి. ఎండాకాలంలో ఎలుకలు బయలుదేరాయి. పెట్టె తెరిస్తే మూడు చచ్చి ఉన్నాయి. నేను వెంటనే ఆయనకు ఫోన్ చేశాను.

"మూడు పోయినయి సారు. మూడు పంపాలె."

"పంపుతామండి. కానీ నాలుగో తరంలో ఇప్పుడు లేవండి. కొత్త ఈత రావాలి, పెరగాలి. నాలుగు నెలలు ఆగాలి."

"నాలుగు నెలలు ఆగితే మా పిల్ల ఫెలోషిప్ దగ్గరికి వడుతది. ఇప్పుడు మీ దగ్గర ఏమున్నయి?"

"మొదటి తరంవి ఉన్నాయండి."

"జన్యువు అదేనా?"

"జన్యువు అదేనండి, ఒక ప్రతి చెడిందే. తరమే వేరు."

"అయితే గవే పంపున్రి. మూడు చచ్చినందుకు మూడు, మాకు ఇబ్బందైనందుకు ఇంకొకటి."

ఆయన నవ్వాడు. "మీరు ఎలుకల్లో కూడా కొసరు అడుగుతారాండి?"

"అడిగితే తప్పేమున్నది?"

నాలుగు వచ్చాయి, బతికే వచ్చాయి. ఆ రోజు నేను కాస్త ఛాతీ విరుచుకునే తిరిగాను. పన్నెండు అడిగితే పదమూడు చేశాను కదా. పదిహేను దాకా వాడుకోవడానికి జంతు ప్రయోగాల కమిటీ అనుమతి ఎలాగూ ఉంది.

ప్రతి పంజరానికి ఒక కార్డు వేలాడుతుంది. దాని మీద ఎలుక నంబరు, ఆడో మగో, పుట్టిన రోజు, చెడిన జన్యువు, తరం. ఒక్కొక్కదానికి ఒక్కో గడి. కొత్త నాలుగింటికి పది నుంచి పదమూడు దాకా నంబర్లు వేశాను. తరం గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. ఎంతసేపు ఆగిందో నాకు గుర్తుంది, ఎందుకంటే ఆ తర్వాత చాలాసార్లు ఆ క్షణాన్ని తిప్పి చూసుకున్నాను. ఒక శ్వాస అంతసేపు. ఒకటి అని రాస్తే పెద్ద సారు వెనక్కి పంపమంటారు, అమ్మాయికి నాలుగు నెలలు పోతాయి, నా బేరం పోతుంది. సరుకు అదే, బస్తా వేరు, అంతే కదా అనుకున్నాను. నాలుగు అని రాశాను.

పంజరాలు కడిగే ఆమె నా వెనకే నిలబడి ఉంది. ఇబ్రహీంపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. చదివింది ఐదో తరగతి. కానీ ఆ గదిలో ఏ చప్పుడు ఏ పంజరానిదో కళ్లు మూసుకుని చెప్పేది.

"సారు, గీ నాలుగు వేరే పెట్టెల వచ్చినయి గద. కార్డు గదే తీరు రాస్తున్రేంది?"

"జన్యువు ఒకటే."

"గట్లనా" అంది. ఆ మాటలో నమ్మకం ఏమీ లేదు. నేను కార్డు పంజరానికి తగిలించాను.

ఆ తర్వాత ఎనిమిది నెలలు పని సాగింది. ఎలుకల తోకల్లోంచి రక్తం తీసేవాళ్లం. ఏ చుక్క ఏ ఎలుకదో అమ్మాయికి తెలియకుండా నేను సీసాల మీద గుర్తులు వేసి ఇచ్చేవాణ్ణి, తెలిస్తే చెయ్యి తనకు కావలసిన వైపు మొగ్గుతుందని. గుర్తుల జాబితా నా బీరువాలో ఉండేది. ఆమె ఆ రక్తకణాలను గాయపరిచే మందులో పెట్టి, ఎంత త్వరగా బాగుపడుతున్నాయో చూసేది. కుచ్చుల పొడవు కొలిచేది. ఏ లోపమూ లేని ఎలుకలు ఒక పన్నెండు మా దగ్గరే ఉన్నాయి, పోల్చి చూడటానికి. ఆమె చెయ్యి చాలా నికార్సైన చెయ్యి. ఒకే సీసాను వారం గడిచాక మళ్లీ ఇచ్చినా అదే కొలత చెప్పేది.

జాబితా తీయాల్సిన రోజు పెద్ద సారు గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆమె కొలతలు చదువుతుంటే నేను నంబర్లు చెప్పాను. పెద్ద సారు బోర్డు మీద చుక్కలు పెట్టారు. మరమ్మతు లెక్కలో చెడ్డ జన్యువు ఎలుకలు పదమూడూ ఒకే తీరు, అన్నీ మందకొడే. కుచ్చుల లెక్కలో తొమ్మిది కిందికి ఉన్నాయి. మిగతా నాలుగూ ఏ లోపమూ లేని ఎలుకల పక్కన, పైన కూర్చున్నాయి.

ఆ నాలుగూ పది, పదకొండు, పన్నెండు, పదమూడు.

నేను జాబితా మీంచి తల ఎత్తలేదు. చుక్కలు పెట్టి కూర్చున్న పెద్ద సారు మాత్రం కుర్చీలోంచి లేచారు.

"సూసినవా అమ్మా? జన్యువు చెడ్డది, మరమ్మతు చెడ్డది, కుచ్చులు మాత్రం మంచిగున్నయి. అంటే ఈ నాలుగు ఎలుకలు కుచ్చులను వేరే తొవ్వల కాపాడుకుంటున్నయి. ఆ తొవ్వ ఏందో ఎవలకు తెల్వదు ఇంకా."

"ఇంకోసారి కొలుస్త సార్" అంది ఆమె.

కొలిచింది. అవే అంకెలు వచ్చాయి. ఎందుకు రావు? ఆమె కొలత తప్పు కాదు కదా. ఆ ఎలుకలు ఏ కొత్త దారీ కనిపెట్టలేదు. వాటి తాతలు అరగని కుచ్చులు ఇచ్చారు, అవి పెట్టుకుని కూర్చున్నాయి. ఈ సంగతి తెలిసిన మనిషి ఆ భవనం మొత్తంలో నేనొక్కణ్ణే.

మరునాడు ఆమె నా గదికి వచ్చి అడిగింది. "కాకా, ఈ నాలుగిటికి ఏమన్న తేడా ఉన్నదా? మేత గాని, జాగ గాని?"

"అన్నిటికి ఒకటే మేత బిడ్డా. ఒకటే నీళ్లు."

అది నిజమే. దుకాణంలో పెరిగినవాడు అబద్ధం ఆడకుండానే ఎదుటివాణ్ణి పక్కదారి పట్టించగలడు. ఆ విద్య నా దగ్గర ఎంత ఉందో ఆ రోజే నాకు తెలిసింది.

మూడు వారాలు అలా గడిచాయి. మేనేజరుకు ఫోన్ చేసి, ఆ నాలుగూ నిజంగా మొదటి తరంవేనా అని అడిగాను, ఏమో, ఆయన పొరబడ్డాడేమోనన్న ఆశతో. "నేను మీకు చెప్పే పంపాను కదండి" అన్నాడు ఆయన. ఆ ఆశ అలా పోయింది. ఈలోగా అమ్మాయి సిద్ధాంత గ్రంథం ఆ నాలుగు ఎలుకల చుట్టూ తిరగడం మొదలైంది. బయటి నుంచి నిపుణుల కమిటీ వచ్చే సెమినార్ పెట్టారు. వాళ్లు ఒప్పుకుంటే గ్రంథం సమర్పించొచ్చు. ఫెలోషిప్ ఇంకో రెండు నెలలే ఉంది. ఆ నాలుగు ఎలుకల వల్ల ఆమెకు ఒక పెద్ద ప్రయోగశాలలో చోటు దొరుకుతుందని పెద్ద సారు అందరితో చెప్పారు. ముందుమాటలో ఆమె నాకు కృతజ్ఞత రాసి తెచ్చి చదివి వినిపించింది. ఎలుకలను ఎంతో శ్రద్ధగా సమకూర్చిన కాకకు, అని ఉంది. బాగుంది బిడ్డా అన్నాను. ఇంకేమంటాను.

సెమినార్ పదకొండు గంటలకు. నేను తొమ్మిదికే వెళ్లాను. జంతువుల గది బయట అరుగు మీద ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. అరచేతులు, పాదాలు చూస్తేనే చెట్లెక్కే మనిషి అని తెలుస్తుంది. అమ్మాయి తండ్రి.

"నువ్వేనా అన్నా, ఎలుకలాయన?"

"నేనే అన్నా. లోపలికి రా, సల్లగుంటది."

"వద్దు, గీడనే మంచిగున్నది. మా బిడ్డ ఏందో కొత్తది కనిపెట్టిందట గద. నాకు సమజ్ కాదు. ఊకెనే వచ్చిన, సూస్తందుకు."

"మంచి పని చేసినవు."

ఆయన తనలో తాను మాట్లాడుకున్నట్టుగా అన్నాడు. "నేను చెట్టెక్కేటప్పుడు మోకు నేనే సూసుకుంట. ఇంకెవలన్న సూసిన అంటే నమ్మ. నలభై ఏండ్ల సంది గట్లనే బతికిన. మొన్న మా బిడ్డను అడిగిన, నువ్వు గింత పెద్ద పని మీదికెక్కుతున్నవ్ గద, నీ మోకు నువ్వు సూసుకుంటున్నవా అని. నా మోకు మా కాక సూస్తడు నాయినా, నేను మళ్ల సూడ, అన్నది."

మోకు అంటే చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకునే తాడు. అది తెగితే మనిషి ఏమవుతాడో మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నేను లోపలికి వెళ్లి, పది నుంచి పదమూడు దాకా నాలుగు కార్డులు తీసి జేబులో పెట్టుకున్నాను. పంజరాలు కడిగే ఆమె చూసింది. కొళాయి కట్టేసి, "ఆమె పైన ఉన్నది సారు, కంప్యూటర్ కాడ" అంది.

పైకి వెళ్లి అమ్మాయికి మొత్తం చెప్పాను. దానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఎనిమిది నెలల పని మూడు నిమిషాల్లో మాసిపోయింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. కార్డులు తీసుకుని ఒక్కొక్కటీ చూసింది.

"రాసేటప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు."

"నేను వచ్చి అడిగిన నాడు గూడ తెలుసు."

"తెలుసు బిడ్డా."

"బిడ్డా అనకు ఇప్పుడు."

కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు చుక్కలు ఒక్కొక్కటిగా తీసేసింది. బొమ్మ ఖాళీ అయిపోయింది. మిగిలిన తొమ్మిదీ అందరూ ఊహించే చోటే ఉన్నాయి. కొత్తది ఏమీ లేదు అందులో.

పెద్ద సారు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్లాం. ఆయన నా వైపు చూడలేదు. గడియారం వైపు చూశారు.

"వాళ్లు వచ్చి కూసున్నరు. ఇప్పుడు ఏం చెప్పకు. అనుకున్నట్టే చెప్పు. తర్వాత మెల్లగ సరిచేద్దాం."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ కేంద్రాన్ని ఖాళీ జాగలోంచి లేపిన మనిషి. ఆ ఒక్క గంట గడిస్తే చాలనుకున్నారు, మూడు వారాలుగా నేను అనుకున్నట్టే.

"సార్, నాకు మెల్లగ సరిచేసుడు రాదు" అంది ఆమె. నాలుగు కార్డులూ చేత్తో పట్టుకుని హాలు వైపు నడిచింది.

సెమినార్ హాల్లో ఆమె మొదట చెప్పిన మాటే ఇది: పదమూడింటిలో నాలుగు ఎలుకలు నాలుగో తరంవి కావు, ఈ సంగతి నాకు గంటన్నర కింద తెలిసింది, అందుకని మీకు పంపిన సారాంశంలో సగం తప్పు. వెనక వరసలో తండ్రి కూర్చున్నాడు. ఇంగ్లీషులో చెప్పింది గనుక ఆయనకు అర్థం కాలేదు. కానీ ముందు వరసలోవాళ్లు ఒక్కసారిగా రాయడం ఆపడం ఆయన చూశాడు. ముందుకు వంగి బిడ్డ ముఖమే చూస్తూ ఉండిపోయాడు.

కమిటీ నన్ను పిలిపించింది. పిలవకపోయినా నేను తలుపు దగ్గరే ఉన్నాను. తెలిసే ఎందుకు రాశావని అడిగారు. బేరం బాగా కుదిరిందనిపించింది సార్, అన్నాను. ఇంతకంటే నిజమైన జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

వాళ్లు తేల్చింది ఇది. నాలుగు కార్డులు తప్పు రాసిన చేత్తో రాసిన మిగతా తొమ్మిదినీ నమ్మలేం, అసలైన నాలుగో తరం ఎలుకలు తెప్పించి మళ్లీ చేయాలి, అప్పుడే గ్రంథం. అంటే ఇంకో ఏడాది పైన. ఫెలోషిప్ ఆగిపోతుంది. పెద్ద ప్రయోగశాల ఊసు ఆ రోజుతో ముగిసింది. నాకు మెమో ఇచ్చి, ఆరు నెలలు జంతువుల గది తాళాలు తీసుకుని పంజరాలు కడిగే ఆమెకు ఇచ్చారు. ఆమె కార్డులు రాసే పద్ధతి వేరు. పెట్టె మీది చీటీ చూసి, మేనేజరుతో ఫోన్లో ఒక్కో ఎలుకా చదివించి, అప్పుడు రాసేది. నేను రాసిన కార్డు కూడా ఆమె చూశాకే వేలాడేది.

"గిది ఏడు లెక్కనా, ఒకటి లెక్కనా సారు?"

"ఏడు."

"మంచిగ రాయున్రి మరి. నాకే సమజ్ కాకపోతే ఎలుకకేం సమజ్ అయితది."

అమ్మాయి పొద్దున పూట ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం కేంద్రానికి వచ్చేది. నాతో పని మాటలు తప్ప మాట్లాడేది కాదు. కొత్త ఈత పెరిగాక, చలికాలం చూసుకుని, ఈసారి నేనే రైల్లో వెళ్లి ఎలుకలను తీసుకొచ్చాను. పెట్టెలు సీటు మీద పెట్టి నేను కింద కూర్చున్నాను. ఎదుటి సీటాయన అందులో ఏముందని అడిగితే మిఠాయి అన్నాను. ఎలుకలని చెబితే పెట్టెలతో పాటు నన్నూ దింపేవాళ్లు. పన్నెండూ బతికే చేరాయి.

కొలతలు పూర్తయ్యేసరికి నా రిటైర్మెంట్ అయిపోయింది. పన్నెండుకు పన్నెండు ఎలుకల కుచ్చులూ కురచగానే వచ్చాయి. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. కానీ ఆ లెక్కను ఎవరు ఎక్కడ తిరిగి చేసినా అదే వస్తుంది.

గ్రంథం కట్టించే ముందు ఆమె మా ఇంటికి వచ్చింది. కాకా అని పిలిచింది, చాలా రోజుల తర్వాత.

"వెనక ఒక పేజీ పెడుతున్న. మొదటిసారి ఏమైందో నువ్వు రాసి సంతకం పెట్టాలె."

అక్కడే కూర్చుని రాశాను. పని ఒత్తిడిలో పొరపాటున తరం తప్పుగా నమోదైనది, అని. ఆమె చదివి తిరిగి ఇచ్చింది.

"పొరపాటునా?"

"పెద్ద మాట వద్దని."

"తెలిసి రాసినవ్ గద."

రెండోసారి, తరం తప్పుగా నమోదు చేయబడినది, అని రాశాను.

"ఎవలు చేసిన్రు? కార్డు దానంతటదే రాసుకున్నదా?"

మూడోది రాశాను. మొదటి తరం అని తెలిసి కూడా నేను నాలుగో తరం అని రాశాను. ఆమె అడిగినప్పుడు చెప్పలేదు. మూడు వారాల తర్వాత చెప్పాను. ఇవే మూడు వాక్యాలు. ఆమె మడిచి సంచిలో పెట్టుకుంది, ఇచ్చిన చాయ్ పూర్తిగా తాగి వెళ్లింది.

తుది పరీక్షకు వరంగల్ వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. జన్యువుల మీద తలపండిన మనిషి. నేను మళ్లీ తలుపు దగ్గరే నిలబడ్డాను, ఈసారి ఎవరూ పిలవకుండానే. ఆమె గంటకు పైగా ప్రశ్నలు వేశారు. అమ్మాయి కొన్నిటికి జవాబు చెప్పింది, కొన్నిటికి తెలియదంది. ఆఖర్న పెద్దావిడ పుస్తకం చివరి పేజీ తెరిచి, కళ్లజోడు పైకి తోసుకుని, ఈయన ఎక్కడున్నాడని అడిగారు. నన్ను ముందుకు తోశారు.

"మీరేనా ఇది రాసింది?"

"నేనే మేడమ్."

"పొరపాట్లు చేసినోళ్లను మస్తుమందిని చూసిన. గిట్ల రాసిచ్చినోళ్లను చూడలే. ఎట్ల రాసిన్రు?"

"నేను రాయలే మేడమ్" అన్నాను. "మూడు సార్లు తప్పించుకోవాలని చూసిన. ఆమె రాయించింది."

పెద్దావిడ అమ్మాయి వైపు కాసేపు చూశారు. పుస్తకం మూసి, దాని మీద అరచెయ్యి ఆనించి, ఇక నా ప్రశ్నలు అయిపోయినయి అన్నారు.